గడ్డిపోచ విలువ

తెలుగు పలుకుబడిలో గడ్డికి గౌరవం తక్కువ. ఒకనిని లెక్కచేయకపోతే గడ్డిపోచగా చూచినాడంటాం. చేయరాని పని చేసి డబ్బు పుచ్చుకొన్నవానిని గడ్డి తిన్నాడంటాం. తప్పు చేసినవానిని నలుగురిలో మందలిస్తే బాగా గడ్డి పెట్టినారని చెప్పుకొంటాం. సంస్కృతం నుంచి తెచ్చుకొన్న ‘తృణప్రాయం’ అన్న మాటది కూడ ఇదే దారి. అయితే గడ్డి పెట్టటమే నిజమైన దయ అనిపించుకొనే ప్రాణి ఒకటి మన మెట్టనేలలపై ఉన్నది. అది నక్షత్ర తాబేలు. దానిని ముద్దుచేసి అన్నం, పండు, పాలు పెట్టినవారు తెలియక దానికి అపకారం చేస్తున్నారు. గడ్డి పెట్టినవారు, అంతకంటె దానిని ఆ గడ్డిలోనే ఉండనిచ్చినవారు ఉపకారం చేస్తున్నారు. ఎందువలననో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటను గూర్చి కొంత చెప్పుకోవాలి. ఎందుకంటే చిక్కు మాటలోనే మొదలవుతున్నది. డిప్ప మోసే ప్రతి ప్రాణినీ మనం తాబేలనే అంటాం. చెరువులో ఉండేదీ తాబేలే, చేనిగట్టున నడిచేదీ తాబేలే, సముద్రంలో ఈదేదీ తాబేలే. ఇంగ్లీషువారు నేలమీది దానిని టార్టాయిస్ అని వేరుచేసి చెబుతారు. మనకా భేదం పేరులో లేదు. పైగా మన కథలు మనకు చూపించినది నీటి తాబేలునే. పంచతంత్రంలోని కంబుగ్రీవం కొలనులో ఉండేది. నీరు ఎండిపోయినందుననే అది హంసల సాయం కోరింది. కూర్మావతారం పాలకడలిలో జరిగినది. కచ్ఛమంటే నీటి ఒడ్డు, పల్లపు నేల; కచ్ఛపమన్న మాటలోనే నీటి వాసన ఉన్నది. అమరసింహుడు తన నిఘంటువులో కూర్మ శబ్దాన్ని వారివర్గంలో చేర్చినాడు. ఇన్ని విధాల నీటితో ముడిపడిన పేరు కావటంచేత, నేల తాబేటి పిల్ల ఎవరికైన దొరికితే ముందుగా ఒక తొట్టెలో నీళ్ళు పోసి అందులో వేస్తారు. అది ఈదలేదు. లోతెక్కువైతే మునిగి చనిపోతుంది. తొట్టె నుంచి తప్పించుకొన్నదానికి రెండవ ప్రమాదం పళ్ళెంలో ఎదురవుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఈ భేదం తెలియటం మరింత అవసరం. 1955 డిసెంబరు 10న పునాది పడిన నాగార్జునసాగరం నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలినారు. ఎడమ కాలువ పారిన మేర ఈ సీమ రూపు మారిపోయినది. జొన్న, సజ్జ, ఆముదం పండిన చేలు చాలవరకు వరిమళ్ళయినవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపడినది. కాలువతోపాటు చెరువులకు, మళ్ళకు నీటి తాబేళ్ళూ వస్తాయి. మెత్తని తోలు కప్పిన డిప్ప గల ఆ తాబేలు చేపలను, కప్పలను, నత్తలను, నీటి మొక్కలను కూడ తింటుంది. దాని తిండి వేరు, దీని తిండి వేరు. పొలంలో దొరికినదానిని ఇంటికి తెచ్చిన పిల్లవానికి అది ఏ జాతిదో తెలియదు. తాబేలని మాత్రమే తెలుసు. నీటి తాబేలుకు గడ్డి వేసినా, నేల తాబేలుకు చేప వేసినా కీడే. ఆ రెండింటినీ చట్టం రక్షిస్తున్నదని కూడ అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

నక్షత్ర తాబేలు పొడినేలల ప్రాణి. భారతదేశపు వాయవ్య భాగంలోను, ఆగ్నేయ భాగంలోను, సింహళంలోను దాని నివాసాలున్నవి. మన రాయలసీమ చిట్టడవులు దానికి పేరుపడిన చోట్లు. నల్లని డిప్పపై ఒక్కొక్క పలక నడినెత్తిన పసుపుపచ్చని చుక్క, ఆ చుక్కనుంచి నలుదిక్కులకు గీతలు. చూచినవారికి చుక్క వెలిగినట్లే ఉంటుంది. గుడ్డులోనుంచి వచ్చిన పిల్ల మూడు నాలుగు సెంటీమీటర్లకు మించదు. అప్పుడు గీతలు తక్కువ. పలక పెరిగిన కొద్దీ గీతలు పెరుగుతాయి. వానకాలంలో చురుకుగా తిరుగుతుంది. ఎండ ముదిరితే పొదక్రింద చేరుతుంది. ఉదయం, సాయంకాలం మేతకు బయలుదేరుతుంది. ఆ మేతలో పెద్దభాగం గడ్డి. తరువాత నేలబారు కలుపుమొక్కల ఆకులు, రాలిన పువ్వులు, నాగజెముడు మట్టలు. ఎప్పుడైన రాలిన పండు. అరుదుగా నత్తనో, చచ్చిన పురుగునో ముట్టుకొంటుంది. అయినా అది ప్రధానంగా శాకాహారి.

దానికి పళ్ళు లేవు. చిలుక ముక్కువలె గట్టిపడిన దవడ అంచులతో త్రుంచుకొని మ్రింగుతుంది. నమలటం లేదు గనుక జీర్ణం చేసే పనంతా కడుపులోనే జరగాలి. ఆ పని చేసేవి పెద్దపేగులో కాపురముండే సూక్ష్మజీవులు. ఎద్దు కడుపులో గడ్డిని పులియబెట్టి సారం తీసే ఏర్పాటు ముందరి సంచిలో ఉంటే, తాబేటికి అది వెనుకటి పేగులో ఉన్నది. తిన్న మేత బయటికి రావటానికి రోజులు పడుతుంది. ఆ పేగు నెమ్మదిగా, క్రమంగా కదలాలంటే పీచు కావాలి. మన రైతుకు ఈ సూత్రం కొత్తకాదు. తొలకరికి మొలిచిన లేతపచ్చికను మాత్రమే మేసిన పశువు పారుకొంటుందని, దానికి గుప్పెడు ఎండుమేత కూడ వేయాలని అతనికి తెలుసు. వామిలోనుంచి గడ్డి దూసి పచ్చిమేతలో కలిపే రైతు చేసే పనినే తాబేటి విషయంలోనూ చేయాలి.

ఇంటిలో జరిగేది దీనికి విరుద్ధం. పిల్లలు తాము ఇష్టపడినది తాబేటికి పెడతారు: అన్నం, పాలలో తడిపిన రొట్టె, అరటిపండు, టమాటా, దోసముక్క. తాబేలు వాటిని తింటుంది. ఆత్రంగా కూడ తింటుంది. తిన్నది గనుక మంచిదే అనుకొంటారు. కాని పండులోని చక్కెర పేగులో విపరీతంగా పులిసి, అక్కడి సూక్ష్మజీవుల సమతూకాన్ని చెడగొడుతుంది, విరేచనాలు పట్టుకొంటాయి. పాలను జీర్ణించుకొనే శక్తి దానికి లేదు. దోసముక్కలో నీరే ఎక్కువ. అది ప్రమాదం కాకపోయినా బలం కాదు. పప్పులు, మాంసం వంటి మాంసకృత్తులెక్కువ గల తిండి మూత్రపిండాలకు బరువవుతుంది. ఈ హాని వెంటనే కనిపించదు. తాబేటికి అన్నీ నెమ్మదే. వ్యాధి కూడ నెమ్మదిగానే వస్తుంది. నెలల తరబడి బాగానే ఉన్నట్లుండి, ఒకనాడు కళ్ళు తెరవక మేత ముట్టదు. అప్పటికి చేయగలిగినది చాలవరకు చేయి దాటిపోయి ఉంటుంది.

డిప్పను గూర్చి తెలిసికొంటే ఇది మరింత స్పష్టమవుతుంది. కథలలో తాబేలు తన ఇంటిని మోసుకొని తిరుగుతుందంటారు. ఇల్లయితే విడిచి బయటికి రావచ్చును. డిప్ప దాని వెన్నెముక, ప్రక్కటెముకలు కలిసి పెరిగిన ఎముక. పైన గోరువంటి పలకలు. ఎదిగే పిల్లకు ఆ ఎముక కట్టటానికి సున్నపుధాతువు, అనగా కాల్షియం, సమృద్ధిగా కావాలి. తిండిలో భాస్వరానికి రెండింతలైన కాల్షియం ఉండటం మంచిదని పెంపకపు వైద్యుల మాట. అన్నంలోను, అనేక పండ్లలోను ఈ లెక్క తలక్రిందులుగా ఉంటుంది. కోదాడకు దక్షిణాన మేళ్ళచెరువు చుట్టుప్రక్కల నేల సున్నపురాళ్ళతో నిండి, సిమెంటు కర్మాగారాలకు ఆధారమైనది. అట్టి సీమలో పెరిగే తాబేటి పిల్లకు కూడ పళ్ళెంలో సున్నపుధాతువు కరువైతే డిప్ప మెత్తబడుతుంది. వ్రేలితో నొక్కితే లొంగుతుంది. కాళ్ళు బరువు మోయలేవు. తిన్న కాల్షియం ఒంట బట్టాలంటే డి విటమిన్ కావాలి. అది చర్మంపై ఎండ పడితేనే తయారవుతుంది. కిటికీ అద్దంలోనుంచి వచ్చే ఎండ చాలదు. కావలసిన అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపివేస్తుంది.

ఇంకొక వికారమున్నది. చెరలో పెరిగిన తాబేళ్ళ డిప్పపై ఒక్కొక్క పలక గోపురంవలె లేచి నిలుస్తుంది. నక్షత్ర తాబేటికి సహజంగానే కొంత ఎత్తుపల్లాలుంటాయి గాని, ఇది దానిని మించిన వికారం. చాలకాలం దీనికి కారణం మాంసకృత్తులెక్కువ కావటమేనని తలచినారు. 2003లో వీస్నర్, ఈబెన్ అనే పరిశోధకులు ఆఫ్రికా జాతి నేల తాబేటి పిల్లలపై చేసిన పరిశీలనలో, మాంసకృత్తుల పాలు కంటె గాలిలోని తేమ తక్కువ కావటమే ఈ వికారానికి ముఖ్యకారణంగా కనిపించినది. అంటే పొడినేలల ప్రాణి కదా అని పిల్లను ఎండిన పెట్టెలో పెట్టరాదు. అడవిలో అది పొదక్రింద, తడి ఆకుల నడుమ, మట్టి సందులలో తేమను వెదకికొంటుంది. ఒకసారి లేచిన గోపురం తిరిగి అణగదు. శైశవంలో తిన్న తిండి, పడిన ఎండ, తగిలిన తేమ, అన్నీ ఆ పలకలపై వ్రాతగా నిలిచిపోతాయి. దశాబ్దాలు బ్రతికే ప్రాణికి మొదటి రెండు మూడేండ్ల పెంపకం ఎంత ముఖ్యమో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక గడ్డి సంగతి. మన సీమలో ఎండుగడ్డి అనగానే వరిగడ్డి గుర్తుకు వస్తుంది. మిర్యాలగూడ నుంచి కోదాడ దాక కోతల తరువాత దారి పొడుగునా అదే. కాని తాబేటికి అది తగిన మేత కాదు. గింజ పండి, సారమంతా కంకిలోకి పోయిన తరువాతి కాడ అది. అందులో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్ళకు మించవు. ఇసుక ధాతువు ఎక్కువ. ఉన్న కాల్షియాన్ని ఒంట బట్టనీయని ఆక్సాలిక్ ఆమ్లం కూడ ఉన్నది. దానికంటె చేనిగట్టున ఎవరూ నాటకుండ మొలిచే గరిక శ్రేష్ఠం. గరికను పూతకు ముందు లేదా పూత తొలి దశలో కోసి, నీడపట్టున పలుచగా పరచి, ఆకుపచ్చ రంగు పోకుండ ఆరబెట్టాలి. అమెరికాలో తాబేళ్ళకని మోపులు కట్టి అమ్మే బెర్ముడా గడ్డి మన గరికే. బూజు పట్టినదానిని, ముక్కవాసన వేసేదానిని పారవేయాలి.

చిన్నపిల్ల పొడుగాటి ఎండుపోచను కొరకలేదు. అందుచేత ఎండు గరికను కత్తెరతో వడ్లగింజంత తునకలుగా కత్తిరించి, నీళ్ళు చిలకరించి, తడి ఆకులతో కలిపి పెట్టాలి. మొదట పదింట ఒక పాలు చాలును. పిల్ల ఎదిగి దవడ గట్టిపడిన కొద్దీ పాలు పెంచాలి. మొదట దానిని ఏరి పారవేస్తుంది, ఆకులకు అంటుకొన్నది కడుపులోకి పోతుంది, కొంతకాలానికి అలవాటవుతుంది. మొత్తం మీద మేతలో నాలుగింట మూడు పాళ్ళు పచ్చిగడ్డి, ఎండుగడ్డి, కలుపుమొక్కల ఆకులు ఉండాలి. తక్కినది ఇతరపు ఆకులు, పువ్వులు. పండు ఎప్పుడో ఒక ముక్క. ఆల్డబ్రా దీవిలో పెద్ద తాబేళ్ళు తరతరాలుగా మేసినందున నేలకు అంటుకొని పొట్టిగా పెరిగే గడ్డిజాతులు ఏర్పడినవి. ఆ పచ్చికను అక్కడి శాస్త్రజ్ఞులు తాబేటి పచ్చిక అనే వ్యవహరిస్తారు. గడ్డికి, తాబేటికి ఉన్న చుట్టరికం అంత పాతది.

గడ్డి ఒక్కటే చాలునా అంటే చాలదు. వైవిధ్యం కావాలి, ఏ ఒక్క మొక్కలోనూ అన్ని ధాతువులూ ఉండవు, ఏ ఒక్క మొక్కలోని దోషమూ కొంచెంగా తింటే హాని చేయదు. మందార ఆకు, మందార పువ్వు, మల్బరీ ఆకు, గడ్డిచేమంతి, గుమ్మడి ఆకు, గుమ్మడి పువ్వు, ముళ్ళు తీసిన నాగజెముడు మట్ట, కాల్షియం మెండుగా గల మునగాకు కొద్దిగా: వీటిని మార్చి మార్చి పెట్టవచ్చును. పాలకూర, తోటకూర, గోంగూర మనకు ప్రియమైనవే గాని వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని బంధిస్తుంది. ఎప్పుడైన ఒకసారి చాలును. సముద్రఫేనం ముక్క ఒకటి ప్రక్కన వేస్తే కావలసినపుడు కొరుక్కొంటుంది. వినాయక చవితినాటి పత్రి ఈ విషయంలో మంచి పాఠం. ఆ ఇరువది యొకటింటిలో దూర్వ, అంటే గరిక, తాబేటికి ప్రాణం. అందులోనే ఉన్న కరవీరం, దుత్తూరం, అర్కం, అంటే గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, విషం. దేవునికి పనికివచ్చినదంతా ప్రాణికి మేత కాదు. దారిప్రక్కన బలిసిన వయ్యారిభామను, ఆముదాన్ని కూడ దూరంగా ఉంచాలి.

ఇక్కడ వరి సీమకు ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి. గట్టుమీది గరిక చూపుకు పచ్చగానే ఉంటుంది. కాని మడిలో చల్లిన కలుపుమందు, పురుగుమందు గాలికి ఆ గట్టుమీదనే పడతాయి. బండెడు మేత తినే పశువు తట్టుకొన్నదని కొద్ది తులాల బరువుండే పిల్ల తట్టుకోలేదు. మందు తగలని పెరటిలోనో, బడి ఆవరణలోనో పెంచిన గరికే నమ్మదగినది. మట్టికుండీలో నాటినా అది పదిపదిహేను రోజులలో అల్లుకొంటుంది.

మరి ఈ మేత ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా చెప్పాలి. మన దేశంలో నక్షత్ర తాబేలును ఇంట పెంచటం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని రక్షిస్తున్నది. 2022లో జరిగి 2023 ఏప్రిల్ 1న అమలుకు వచ్చిన సవరణతో అది మొదటి షెడ్యూలులో చేరినది. ఆ షెడ్యూలులోని ప్రాణిని పట్టినా, అమ్మినా 3 ఏండ్లకు తగ్గకుండ 7 ఏండ్ల వరకు శిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జుల్మానా ఉన్నవి. అంతర్జాతీయ వర్తక ఒడంబడిక 2019లో దానిని మొదటి అనుబంధంలోకి ఎక్కించి వర్తకాన్ని నిషేధించినది. ఇంత కట్టుదిట్టం ఊరక రాలేదు. 2015లో వెలువడిన ఒక పరిశోధన, భారతదేశంలోని ఒకే ఒక వర్తక కేంద్రానికి ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు అడవి నుంచి చేరినవని లెక్కకట్టినది. వాటిలో ఎక్కువ పిల్లలే. సంచులలో కుక్కి విదేశాలకు పంపగా దారిలో చచ్చినవి పోను, ఇళ్ళకు చేరినవి పైన చెప్పిన పండ్లు, అన్నం పాలవుతున్నవి. అదృష్టం కలిసివస్తుందని కొని పెట్టుకొనేవారు మన పట్టణాలలోనూ ఉన్నారు. అదృష్టం తెస్తుందన్న ప్రాణి ఆకలితో కాక, తప్పుడు తిండితో చస్తున్నది.

కనుక మేతను గూర్చిన ఈ జ్ఞానం ముందుగా కావలసినది వాటి బాధ్యత న్యాయంగా వహించినవారికి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో, కూర్మనాథుని ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను సంరక్షిస్తున్నారు. దేవుడే కూర్మరూపుడు కావటంచేత అక్కడ వాటిపై భక్తి సహజం; ఆకుకూర తెచ్చి తినిపించి మ్రొక్కటం యాత్రికులకు ఆనందం. 2025లో అక్కడి తాబేళ్ళు మరణించిన వార్త రాష్ట్రమంతటా కలవరం పుట్టించినది. కారణాల విచారణ అధికారుల పని. మనకు దానిలో ఉన్న పాఠం, భక్తికి తోడు పరిజ్ఞానం కూడ ఉండాలన్నది. ఒక్కొక్క యాత్రికుడు ఒక్కొక్క కట్ట ఆకుకూర తెచ్చే బదులు, ఆలయంలోనే ఒక గరికబీడును పెంచి, ఆ పచ్చికకు కైంకర్యం చేయటం మేలుకాదా? అటవీశాఖవారు దొంగరవాణాదారుల నుంచి విడిపించిన పిల్లలకు, జంతు ప్రదర్శనశాలలకు కూడ ఇదే వర్తిస్తుంది. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2024లో మరణించిన పెద్ద తాబేటికి సుమారు 125 ఏండ్లన్నారు. కలకత్తా అలీపూరులో 2006లో మరణించిన అద్వైత అనే తాబేలు ఒకప్పుడు క్లైవ్‌దని చెప్పుకొన్నారు. సరిగా మేపిన తాబేలు తనను మేపిన తరాలను దాటి బ్రతుకుతుంది.

విదేశాలలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో, అక్కడి చట్టం అనుమతించిన మేరకు, చెరలోనే పుట్టిన తాబేటి పిల్లలను పిల్లలు పెంచుకొంటున్నారు. వారికీ పైన చెప్పిన క్రమమే: ఎక్కువ గడ్డి, పలు రకాల ఆకులు, అరుదుగా పండు, కొంచెం ఎండ, కొంచెం తేమ, గడ్డం మునగనంత లోతు నీళ్ళ పళ్ళెం. రోజుకు దాని డిప్ప ఎంత ఉన్నదో అంత కుప్ప మేత చాలునన్నది పెంపకందారులు పాటించే సులువైన కొలత.

మన విద్యార్థులకు మాత్రం నేను చెప్పదలచినది వేరు. పొలంలో తాబేలు కనబడితే చూడండి, నోట్‌బుక్కులో బొమ్మ వేసికొనండి, అది ఏ మొక్కను కొరికినదో గమనించండి. ఎత్తుకొని ఇంటికి తేకండి. ఇదివరకే ఇంటిలో ఉన్నదైతే రహస్యంగా చెరువులోనో, అడవిలోనో వదలిపెట్టకండి. కాలువలో వేస్తే నేల తాబేలు మునుగుతుంది, పరాయి అడవిలో వదిలితే దాని రోగం అక్కడివాటికి అంటుతుంది. పెద్దలతో చెప్పి అటవీశాఖవారికి అప్పగించండి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. తరగతి గదిలో ఏయే గడ్డి పేర్లు తెలుసునని అడిగితే, ఈనాటి పిల్లలు గరికతో ఆగిపోతున్నారు; కొందరు గరికనూ గుర్తుపట్టటం లేదు. తాతల నోట పదుల కొలది మేతగడ్డి పేర్లుండేవి. కాలువ వచ్చి అన్నం పెట్టినది, కాదనలేము. బీళ్ళు తగ్గినవి, బీళ్ళతోపాటు వాటిమీది పచ్చికకున్న పేర్లూ తగ్గుతున్నవి. పేరు మరచిన మొక్కను కాపాడాలని ఎవరికీ తోచదు. అందుకని బడి ఆవరణలో ఒక నాలుగు గజాల నేలను దున్నకుండ, మందు చల్లకుండ వదలిపెట్టి, ఒక సంవత్సరంలో అక్కడ మొలిచిన ప్రతి మొక్క పేరూ పిల్లలచేత సేకరింపజేయండి. ఇంట ముసలివారిని అడిగి తెలిసికొని వ్రాయమనండి. ఏది పశువు తింటుంది, ఏది తాబేలు తింటుంది, ఏది రెండూ ముట్టవు అని ఎదురుగా గుర్తుపెట్టించండి. సంవత్సరం చివరకు తయారయ్యే ఆ పట్టిక తెలుగు పాఠానికీ, జీవశాస్త్ర పాఠానికీ ఒకటే పుస్తకం అవుతుంది. గడ్డిని అందులో ఎన్ని పేర్లతో పిలువగలిగినారో చూచుకొన్న పిల్లవాడు, గడ్డిపోచ అన్న మాటను తేలికగా వాడడు.